పైన ఎవరూ నడవని గది

మా మట్టెవాడ ఇంట్లో అవతార్ సింగ్ తాత మేడమీది గది అద్దెకు తీసుకున్నది తనకోసం కాదు, సిక్కుల పవిత్ర గ్రంథం గురుగ్రంథ్ సాహిబ్ కోసం. ఆయన పడక బయట వసారాలో. గ్రంథానికి మాత్రం లోపల మంచం, పరుపు, దిండ్లు, పైన చాందినీ. పొద్దున విప్పి చదువుతాడు, సాయంత్రం పట్టుబట్టల్లో చుట్టి పడుకోబెడతాడు. ఎండాకాలం దానికి ఫ్యాను వేసి, తాను బయట చెమటలు కక్కుతాడు.

"మాకు అదే గురువు బిడ్డా. గురువు నెత్తిమీద ఎవలన్న నడుస్తరా?" అన్నాడొకసారి. అందుకే పైన ఇంకేమీ లేని గది.

కింది వాటాలో ఉండే మేము చర్చికి పోయేవాళ్లం. మా బైబిలు టీవీ పక్కన, కరెంటు బిల్లుల కింద ఉంటుంది. తాతను చూస్తే నాకు సిగ్గేసేది, కాస్త ఒళ్లు మండేది కూడా.

ఈ ఏడు ఓనరు రాజమౌళి ఇంకో అంతస్తు వేస్తానన్నాడు. తాత వేరే మేడగది కోసం ఊరంతా తిరిగాడు. ఒంటరి ముసలాయనకు ఎవరూ ఇవ్వలేదు. ఉండబట్టలేక నేనే రాజమౌళిని అడిగాను.

"అన్నా, ఆ గది మీద మనుషులు తిరుగొద్దట. జర ఆలోచించు."

కొన్నాళ్లకు నవ్వుకుంటూ వచ్చాడు. "ఫికర్ వద్దు లిదియక్కా. తాత గది మీద బెడ్‌రూం క్యాన్సిల్. పూజగది కట్టిస్తాన. చెప్పులు గిట్ల రానియ్య."

పూజగదిలో మాత్రం జనం గాల్లో నిలబడతారా? తాత చేతులు జోడించి, "మంచిగ ఆలోచించినవ్ బేటా" అన్నాడు. రాజమౌళి చెడ్డవాడైతే నేను తిట్టిపోసేదాన్ని. ఈ మంచివాణ్ని ఏమనాలో తెలియక ఏడుపొచ్చింది.

పని మొదలుకాకముందే, తాత కబురుపెడితే గ్రంథాన్ని తీసుకుపోవడానికి హైదరాబాద్ గురుద్వారా వాళ్లు వచ్చారు. తాత గ్రంథాన్ని తలమీద పెట్టుకుని, వట్టికాళ్లతో మెట్లు దిగాడు. చెంగు నెత్తిన కప్పుకుని ఆయన ముందు నీళ్లు చల్లుతూ నడిచాను. కారు వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా తాత వసారాలోనే పడుకున్నాడు. గదిలోకి మారమంటే వినలేదు.

పూజగది తెరిచిన రోజు నేను ముందే లోపలికి పోయాను. రాజమౌళి తాతను చేయిపట్టి తీసుకొచ్చాడు. తాత గుమ్మం బయటే ఆగిపోయాడు.

"కింద ఇప్పుడు ఏం లేదు గద తాతా, రా."

"లేదు బేటా. నాకెరుకే."

అడుగు మాత్రం పడలేదు. రాజమౌళి ప్రసాదం పళ్లెంతో బిత్తరపోయి నిలబడ్డాడు. తాత నా కాళ్లవైపు చూస్తున్నాడు. అప్పుడు అర్థమైంది, నేను నిలబడింది సరిగ్గా కింద గ్రంథం మంచం ఉన్న చోటు మీద.

గబుక్కున పక్కకు జరిగాను. జరిగినా ఆ గది మీదే ఉన్నాను.