తల్లి కార్డు, పిల్ల కార్డు

దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అంటారే, అచ్చంగా ఆ పని చేశాను నేను. ఊరికే ఇవ్వడం కూడా కాదు, ఏ తాళం ఏ తలుపుకో పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించి మరీ ఇచ్చాను. ఆ దొంగ నా తోడబుట్టినవాడు.

హిమాలయాల నడుమ ఉన్న మా స్పితిలో పెద్దన్నను ఆచో అంటాం. మా ఆచో పేరు తక్పా. ఇక్కడ ఇల్లూ పొలమూ పెద్దకొడుకువే కాబట్టి, పెళ్ళి చేసుకోని నేను ఆయన ఇంట్లోనే ఉంటాను. ఏడేళ్ళుగా నేనూ నా స్నేహితురాలు బుటిత్ కలిసి కొండమీది కెమెరాలు చూసుకుంటున్నాం. మనిషి అక్కర్లేని కెమెరాలవి. ఎదురుగా ఏది కదిలినా వాటంతట అవే ఫోటో తీస్తాయి. నెలకోసారి ఎక్కి వాటిలోని కార్డులు తెచ్చి, ఊరుమ్మడి గదిలో ఉన్న లాప్‌టాప్‌లోకి ఫోటోలు ఎక్కిస్తాం. ఉత్త గాలికి గడ్డి ఊగినవి తీసేసి, మంచుచిరుతలున్నవి ఏరి పెడతాం. పున్నమి రోజు మధ్యాహ్నం ఊరంతా ఆ గదిలో చేరుతుంది. కిటికీలకు కంబళ్ళు వేసి, గోడమీద దుప్పటి కట్టి ప్రొజెక్టర్‌తో ఫోటోలు చూపిస్తాం. వచ్చిన జంతువు ఏదో ముందుగా గుర్తుపట్టిన పిల్లలకు ఒక ఎండు జల్దారుపండు ఇస్తాం. ఎక్కువ పళ్ళు గెలిచేది మా ఆచో కూతురు పల్కిత్. దానివి గద్ద కళ్ళు.

ఈ కెమెరాలకు పెద్ద కార్డు కావాలి. కాజా బజారులో దొరికేది ఫోన్లలో వేసే గోరంత కార్డు. అందుకని చిన్నదాన్ని అడాప్టర్‌లో దూర్చి వాడతాం. అడాప్టర్ అనడానికి నోరు తిరగక బుటిత్ దాన్ని తల్లి కార్డు అంది, లోపలిది పిల్ల కార్డు. మాకు ఆ పేర్లే ఖాయమైపోయాయి. ఫోటోలన్నీ పిల్లలోనే ఉంటాయి, తల్లి ఉత్త సంచి. తెలియనివాళ్ళు మాత్రం పైకి కనిపించేదే కార్డు అనుకుంటారు.

పోయిన చలికాలం దారులు మూసుకుపోయి అందరం పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు, తన ఫోన్‌లో ఉన్న పల్కిత్ ఫోటోలను లాప్‌టాప్‌లోకి ఎక్కించిపెట్టమని ఆచో అడిగాడు. నేను సంబరంగా అంతా చూపించాను. గోటితో ఇలా నొక్కి లాగితే పిల్ల బయటికొస్తుంది, ఇలా తోస్తే లోపలికి పోతుంది అని. ఆయన నాలుగుసార్లు తీసి, నాలుగుసార్లు పెట్టి, నవ్వాడు. చదువుకోకపోయినా మా ఆచోకు చేతిపని ఇట్టే పట్టుబడుతుందని నేను మురిసిపోయాను.

ఆ చలికాలంలోనే వంకరతోక మా దొడ్లో పడింది. వంకరతోక అంటే మేం మూడేళ్ళుగా చూస్తున్న ఆడ మంచుచిరుత. దానికి రెండు కూనలు. దొడ్డి పైకప్పులో ఉన్న కంతలోంచి దూకి, బయటికి దారి దొరక్క, ఒక్క రాత్రిలో పదకొండు మేకల్ని చంపింది. తెల్లారి ఆచో ఒక మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని దొడ్లో కూలబడ్డాడు. నాకూ ఏడుపాగలేదు. కానీ నాలుగేళ్ళ కిందట ఊరు ఊరంతా మఠంలో తల ఆనించి ఒట్టు పెట్టుకుంది, చిరుత మీద చెయ్యెత్తమని. ఇళ్ళలో ఉన్న తుపాకులన్నీ మఠంలోని చీకటి గదిలో అప్పజెప్పేశాం. ఒట్టు తప్పిన ఇంటికి ఎవరూ నిప్పివ్వరు, ఆ ఇంటి చాయ్ తాగరు, ఆ ఇంటి శవాన్ని మొయ్యరు. ఆచో కూడా ఒట్టు పెట్టినవాడే. ఓదార్చడానికి వచ్చినవాళ్ళతో, ఏం చేస్తాం, అదీ పిల్లలతల్లే కదా అన్నాడు. ఆ మాటను నేను ఊటబావి దగ్గర అందరికీ చెప్పుకుని తిరిగాను. మా ఆచో మనసు వెన్న అని గొప్పలు పోయాను. తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మాఘం పోయాక ఒకరోజు, పైమేతలో జడలబర్రెల్ని చూసి రావాలి, గాలి కోసేస్తోంది, నీ ఎర్ర కోటు ఇస్తావా అన్నాడు. కొండెక్కేటప్పుడు నేను వేసుకునే కోటు అది. జేబు చిరిగి ఉంటే కుట్టి ఇచ్చాను.

పది రోజులకు వంకరతోక కూనలు రెండూ ఊరి పేడకుప్పల దగ్గర కనిపించాయి. తల్లి లేదు. పక్కటెముకలు తేలి, పిల్లుల్లా అరుస్తున్నాయి. ఆ వయసు కూనల్ని విడిచి ఏ తల్లీ పోదు. బుటిత్, నేనూ మొహాలు చూసుకుని మర్నాడే కొండెక్కాం.

వంకరతోక రోజూ నడిచే ఇరుకు కనుమలో రెండు కెమెరాలున్నాయి, ఏడో నంబరు, ఎనిమిదో నంబరు, ఎదురెదురుగా. చిరుతకు కుడివైపు మచ్చలు వేరు, ఎడమవైపు మచ్చలు వేరు. రెండు పక్కలా తీస్తేనే ఏది ఏదో తేలుతుంది. ఏడోదాని కార్డు వచ్చింది. ఎనిమిదోది రాళ్ళ సందులో, కొత్తగా పడిన మంచులో కూరుకుపోయి ఉంది, పెట్టె గడి గడ్డకట్టి కదల్లేదు. పొద్దు వాలుతోందని వదిలేసి దిగిపోయాం. మబ్బుకు సోలార్ పలక పనిచెయ్యక ఆ రోజు లాప్‌టాప్‌కు కరెంటు లేదు. కార్డును ఇంటికి తెచ్చి దేవుడి గదిలో, నీళ్ళ గిన్నెల పక్కన పెట్టాను. విలువైనది ఏదైనా మేం అక్కడే పెడతాం. మా ఊళ్ళో ఇంటికి తాళం వెయ్యకపోయినా ఫరవాలేదు, దేవుడి గదిలో వస్తువు ఎవరూ ముట్టరు. పొయ్యి దగ్గర ఆచో, ఎన్ని కార్డులు తెచ్చావని అడిగాడు. ఒకటే అన్నాను.

పొద్దున్న కార్డును లాప్‌టాప్‌లో పెడితే ఏమీ కనబడలేదు. తీసి, తుడిచి, ఊది మళ్ళీ పెట్టాను. చివరికి బుటిత్ దాన్ని నా చేతిలోంచి తీసుకుని తిరగేసింది. తల్లి ఉంది, పిల్ల లేదు.

నా నోరు మంచిది కాదు. ముందూ వెనకా చూడకుండా, నువ్వే తీశావు అన్నాను. పిల్ల సంగతి తెలిసింది మనిద్దరికే కదా, ఇంకెవరు తీస్తారు అన్నాను. ఏడేళ్ళు ఒకే తాడు పట్టుకుని మంచులో నడిచినదాన్ని అంత మాట అన్నాను. ఆమెకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

"మీ దేవుడి గది గడప నేనెప్పుడైనా తొక్కానా ఛిమే?" అంది. "పిల్ల ఎక్కడుంటుందో తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ముగ్గురం. ఆ మూడోవాళ్ళకి నేర్పింది నువ్వు."

నేను అక్కడే నేలమీద కూర్చున్నాను. తర్వాత బుటిత్ ఫ్లాస్కు నిండా వేడి ఉప్పుచాయ్ పోసుకుని, పద అంది. ఆ చాయ్‌నే గడి మీద పోసి ఎనిమిదో కెమెరా తెరిచాం. తిరిగొచ్చి ఫోటోలన్నీ లాప్‌టాప్‌లోకి కాపీ చేశాం. కాపీ చెయ్యాలి, కట్ చెయ్యకూడదు, అప్పుడు కార్డులో ఉన్నది కార్డులోనే ఉంటుంది, లాప్‌టాప్‌లోకీ వస్తుంది. మా పనిలో మొదటి పాఠం అది. ఆచోకు ఆ పాఠం ఒక్కటే చెప్పలేదు నేను.

మొదటి ఫోటోలో నా ఎర్ర కోటు, వెనకవైపు నుంచి. రెండోదాంట్లో కోటుకు ఎదురుగా బండమీద వంకరతోక తీరిగ్గా కూర్చుని ఆవలిస్తోంది. అది వేరే మనిషి కనబడితే కొండ దాటిపోతుంది. నా కోటును చూస్తే కదలదు. మూడేళ్ళుగా ఆ రంగు దానికి ఏ కీడూ చెయ్యలేదు. ఈ మాట చలికాలం పొయ్యి దగ్గర నేనే చెప్పాను, పెద్ద గొప్పగా. అది నన్ను చూసి ఆవలిస్తుంది తెలుసా అంటే అందరూ నవ్వారు. ఆచో కూడా నవ్వాడు.

మూడో ఫోటోలో భుజం మీదుగా తుపాకీ గొట్టం. అది మా తాతది. మఠంలో అప్పజెప్పింది మరి ఏ విరిగిన తుక్కో దేవుడికే తెలియాలి. నాలుగోదాంట్లో మనిషి వెనక్కి తిరిగాడు, మొహం నిండా ఎండ పడింది. ఏడో కెమెరా ఆయనకు ఎదురుగా ఉండేది, అందుకే అది ఆయన కంటపడింది, పెట్టె తాళంచెవి మా దగ్గరే ఉండబట్టి అక్కడ కార్డు తియ్యలేకపోయాడు. వీపు వెనక రాళ్ళలో ఉన్నదాన్ని చూడలేదు.

మేకలు పోయిన బాధలో చేశాడంటే నేను అర్థం చేసుకోగలను. ఒట్టు తప్పడం కూడా ఏడ్చి ఏడ్చి క్షమిస్తానేమో. నా కోటు వేసుకుని వెళ్ళాడు చూడండి, అది నాకు మింగుడుపడలేదు. ఆ తల్లి నన్ను చూస్తున్నాననుకునే చచ్చిపోయింది.

అయినా ఆయన మా ఆచో. ఆయన ఇంటికి నిప్పు ఆగిపోతే నాకూ ఆగిపోతుంది, పల్కిత్‌కూ ఆగిపోతుంది. బుటిత్‌తో ఒక మాట చెప్పాను. ఈ కార్డును కూడా దేవుడి గదిలో పెడతాను, ఆచోకు చెప్పే పెడతాను. రేపు పొద్దున అది అక్కడే ఉంటే, మఠానికి వెళ్ళి తప్పు ఒప్పుకోమని ఆయన కాళ్ళు పట్టుకుంటాను, ఆ ఫోటోలు నేనే తీసేస్తాను అన్నాను. నువ్వు పిచ్చిదానివి, సరే కానీ అంది బుటిత్.

ఆ సాయంత్రం ఆచోతో, కనుమలో ఇంకో కెమెరా ఉంది, దాని కార్డు కూడా తెచ్చాను, ఇంకా చూడలేదు, రేపు పున్నమి కదా, అందరితో కలిసే చూస్తాను అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆయనతో ఆడిన మొదటి అబద్ధం. ఆయన పొయ్యిలో పేడపిడక సర్ది, మంచిది అన్నాడు.

తెల్లారి చూస్తే తల్లి కార్డు పెట్టినచోటే, పెట్టినట్టే ఉంది. తిరగేశాను. పిల్ల లేదు. దాని పక్కన దీపం కొత్త నెయ్యితో వెలుగుతోంది. దేవుడికి దీపం పెట్టి మరీ తీశాడు.

మధ్యాహ్నం గది నిండిపోయింది. ఆచో మొదటి వరసలో చాయ్ కప్పుతో, భార్య పక్కన, నిమ్మళంగా కూర్చున్నాడు. పల్కిత్ ఎప్పటిలాగే నా ఒళ్ళోకి ఎక్కింది. కొండగొర్రెలు వచ్చాయి, నక్క వచ్చింది, పిల్లలు అరిచి పళ్ళు గెలుచుకున్నారు. తర్వాత దుప్పటి మీద ఎర్ర కోటు వచ్చింది.

"ఆనే, అది నువ్వే!" అని పల్కిత్ చప్పట్లు కొట్టింది. మేనత్తను ఆనే అంటారు పిల్లలు. గదంతా నవ్వింది. ఆవలించే వంకరతోకను చూసి ఇంకా నవ్వారు. తుపాకీ గొట్టం రాగానే నవ్వు ఆగిపోయింది.

ఊరిపెద్ద సోనమ్ తాత చేతిలోని జపచక్రం నిలిచిపోయింది. తలలన్నీ నావైపు తిరిగాయి. ఆ కోటు ఎవరిదో తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు. నేను ఆచోను చూశాను. ఆయన మొహంలో రక్తం లేదు. రెండు కార్డులూ పొయ్యిలో వేశాక ఇది ఎలా వచ్చిందో ఆయనకు అంతుపట్టడం లేదు. నా వేలు మీట మీదే ఉంది, నొక్కలేదు. లేచి నిలబడి, అది నేను అని ఒక్క మాట అంటాడని చూశాను. ఒళ్ళో ఆయన కూతురుంది. ఆ ఒక్క మాట అంటే నాలుగో ఫోటో ఎవరికీ చూపించేదాన్ని కాదు.

ఆచో కప్పు కింద పెట్టి నిజంగానే లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎందుకు చేశావమ్మా ఛిమే, ఈ పని?" అన్నాడు, ఎంతో ప్రేమగా.

బుటిత్ నా భుజం మీద చెయ్యి వేసింది. నేను మీట నొక్కాను. ఎప్పటిలాగే పల్కిత్ అందరికంటే ముందు గుర్తుపట్టింది.