తొమ్మిది రోజుల పొర

అన్నం గంజి వార్చి బాలలక్ష్మి మళ్లీ వెనుక గదిలోకి వెళ్లింది. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. అత్త పెంటవ్వ బండలు తుడుస్తూ కల్లు పోసిన పళ్లేలను పక్కకు జరిపింది. పులిసిన కల్లు మీద కట్టిన పొర ఈసారీ చిరిగి మునిగింది.

"కల్లు పులిస్తె పారబోస్తరు గని, పళ్లెంల వోసి కావలి గాస్తరా పిల్లా?" అంది పెంటవ్వ.

కల్లులోని సూక్ష్మజీవులు అల్లే సెల్యులోజ్ పొర అది. తొమ్మిది రోజులు కదలకుండా ఉంటే రొట్టె మందాన కడుతుంది. సోడా కలిపిన నీళ్లలో ఉడికించి, కడిగి, ఆరబెట్టి, ఆ పొరలను రెజిన్ జిగురుతో ఒకదానిమీద ఒకటి అతికించి వేడిగా నొక్కితే గట్టి రేకు అవుతుంది. సిద్దిపేట కాలేజీ ల్యాబులో ఆరేళ్లు ఇతరుల ప్రయోగాలకు సీసాలు కడిగిన బాలలక్ష్మి తనకోసం మొదలుపెట్టిన పని ఇదొక్కటే. వచ్చే నెల హైదరాబాదు సదస్సులో దీని మీద తన పేరుతో పత్రం చదవాలి.

ఆ సాయంత్రం పళ్లేలలో కొత్తగా కల్లు పోసి, వెనుక గదిలోనే చాప పరుచుకుంది.

"ముట్టయిన అత్తమ్మా."

ఇంట్లో కొమురవెల్లి మల్లన్న మొక్కు ఉంది. పెంటవ్వ ఆ గడప తొక్కలేదు. కోడలు కాలేజీకి వెళ్లినప్పుడూ తొక్కలేదు. బాలలక్ష్మి కూర్చోలేక లేచేది, నడిస్తే పళ్లేలు కదులుతాయని మళ్లీ కూర్చునేది. పెళ్లయిన పదకొండేళ్లలో ఎవరూ మంచినీళ్లు అడగని రోజులు ఇవేనని ఆమెకు నాలుగో రోజు తట్టింది.

ఐదో రోజు తలస్నానం చేయలేదు. ఇంకా ఆగలేదని చెప్పింది.

"గిదేం ముట్టే, మండలం దీక్ష లెక్క?" అంటూ పెంటవ్వ గడప బయట అన్నం పెట్టి పోయింది.

"దవాఖానకు పోదామా? అవ్వ చారు తినలేకపోతున్న," అన్నాడు భర్త దేవరాజు. అదే కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ అతను.

తొమ్మిదో రోజుకీ పొర తెగలేదు. మరో పది రోజుల తర్వాత ల్యాబులో, రెండు వేళ్ల వెడల్పున కోసిన రేకు ముక్కకు ఇరవై కిలోల తూకపు బాటు వేలాడదీసింది. నిలిచింది. దేవరాజు బాటు దించి, మళ్లీ తానే తగిలించి చూశాడు.

"సదస్సుల నేనే చదువుత. గంతమంది ప్రశ్నలడిగితె తడబడ్తవు. చివర్ల నీకు కృతజ్ఞతలు రాస్త." కాగితం ఆమె ముందుకు జరిపాడు. "పళ్లేలు కదలకుండ ఎట్ల ఉంచినవో రాసియ్యి. ముందుగాల గదే అడుగుతరు."

ఆమె రాసింది: 'పళ్లేల జోలికి ఎవరూ రాకుండా, నెలసరిలో ఉన్నానని తొమ్మిది రోజులు ఇంట్లో అబద్ధం చెప్పాను.'

దేవరాజు చదివి చుట్టూ చూశాడు. "నలుగుర్ల గిది నేనెట్ల చదువుత?"

"మీరెందుకు చదువుడు?" అంది బాలలక్ష్మి. కాగితం వెనక్కి తీసుకుని, పైన తన ఒక్క పేరే రాసింది.