తువ్వాల కింద చెయ్యి

మా నాయన పుల్లయ్య ఎద్దుల సంతల్లో దళారి. పరలోకం గురించి పాస్టరు ఎన్ని ఆదివారాలు చెప్పినా మాకు అంతంతమాత్రంగానే ఎక్కింది గానీ, బేరం గురించి మా నాయన చెప్పింది మాత్రం బాగా వంటబట్టింది. ఎద్దు ఎంత నచ్చినా మొహం మీద కనపడకూడదు. మనసులో మాట నోటితో అనకూడదు. తువ్వాల కప్పి, దాని కింద చేతులు నొక్కి మాట్లాడుకోవాలి. నచ్చిందని అమ్మేవాడికి తెలిసిందంటే మన జేబు వాడి చేతికిచ్చినట్టే.

ఆ తెలివి నాకెందుకు అబ్బిందా అని ఇప్పుడు ఏడుస్తున్నాను.

నా తమ్ముడు పరంజ్యోతి ఆళ్లగడ్డ చర్చిలో పదేళ్లు గిటారు వాయించాడు. దొరసాని ఒకామె ఊరు విడిచిపోతూ చర్చికి ఇచ్చిపోయిన పాత గిటారు అది. వాడు వాయిస్తుంటే ప్రసంగానికి కునుకు తీసే ముసలివాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. పాటలతో కడుపు నిండుతుందా అని వాణ్ని బేతంచెర్ల నాపరాళ్ల గనికి తోలింది నేనే. నేను బడిపంతులు సంజీవయ్యను. ఊరందరికీ బుద్ధులు చెప్పేవాణ్ని, ఇంట్లోవాణ్ని వదులుతానా? ఏడాది తిరగకుండానే, యాభైఆరులో, లారీకి ఎత్తుతున్న బండ జారి వాడి ఎడమ చేతి మీద పడింది.

చెయ్యి తీసెయ్యలేదు, అదొక్కటే మేలు. కానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. సగానికి సగం స్పర్శ లేదు. "కంటితో చూస్తే తప్ప ఆ వేళ్లు ఏం చేస్తున్నాయో ఇతనికే తెలియదు" అన్నాడు డాక్టరు. పాత గిటారు మెడ సన్నం. దాన్ని పట్టుకోవాలంటే వేళ్లు బాగా ముడవాలి. వాడు రెండు మూడుసార్లు ప్రయత్నించి, నొప్పికి తట్టుకోలేక చర్చి బీరువాలో పెట్టేసి వచ్చాడు. రెండేళ్లు ఆ ఊసే ఎత్తలేదు.

యాభైఎనిమిది ఎండాకాలం చివర్లో, బడి తెరిచిన కొత్తలో ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి వాడు మా వసారాలో కూర్చుని, మా ఆవిడ మరియమ్మ రోకలిని గిటారులాగా అడ్డంగా పట్టుకుని ఉన్నాడు.

"లావుగా ఉండేది పట్టుకుంటే చెయ్యి నొప్పి పుట్టడం ల్యా అన్నా. అరచెయ్యి నిండుగా ఉంటే వేళ్లు ముడిసే పని ల్యా."

"అయితే రోకలి వాయించు" అన్నాను. నా నోటికి మంచిమాట రావడం కష్టం.

వాడు నవ్వి అసలు సంగతి చెప్పాడు. నంద్యాల రైల్వే క్వార్టర్లలో గార్డు దొర ఒకాయన రిటైరై ఇంగ్లండు సీమకు పోతూ సామాన్లు అమ్ముతున్నాడట. ఆయన కొడుకులవి రెండు గిటార్లు ఉన్నాయట.

"ఒకటి కరెంటు గిటారంట. మెడ లావంట. తీగలు సన్నంగా, చెక్కకు దగ్గరగా ఉంటాయంట. ఊరికే తాకితే సాలంట."

"చర్చిలో కరెంటు యాడుందిరా? కిరసనాయిలు పోసి వాయిస్తావా?"

"కరెంటు లేకున్నా రవ్వంత పలుకుతుందంట. నాకు ఇనపడితే సాలన్నా."

ఆ మాటకు నాలో ఏదో కరిగింది. రెండు నెలల జీతానికి ఇంకొంత అప్పు తెచ్చి కలిపి, నూట అరవై రూపాయలు లోపలి జేబులో పెట్టుకున్నాను. ఎంత ఉందో వాడికి చెప్పలేదు. చెబితే మొహంలో కనపడుతుందని నా భయం. బస్సులో నంద్యాల చేరేదాకా వాడికి పాఠం చెబుతూనే ఉన్నాను.

"నచ్చినా నచ్చకున్నా మొగం మీద ఏం కనపడగూడదు. నా పక్కన కూసో. తువ్వాల కింద చెయ్యి పట్టుకుంటా. నచ్చితే గట్టిగా నొక్కు. నచ్చకుంటే ఊరకుండు."

"సరే అన్నా."

గార్డు దొర ఇంట్లో సగం సామాను మూటలు కట్టి ఉంది. ముందు సన్నమెడ గిటారు ఇచ్చాడు. అద్దంలా మెరుస్తోంది. వాడు పట్టుకుని, అరనిమిషంలోనే దించేశాడు. తర్వాత రెండోది తెచ్చాడు. ఎర్రటిది, బరువైనది, రంగు అక్కడక్కడా లేచిపోయింది. వైరు ఒక పెట్టెకు తగిలించి మీట నొక్కాడు. పరంజ్యోతి కళ్లు తీగల మీద పెట్టి, ఒక్కొక్క వేలినీ చూసి చూసి ఆనించాడు. ఆ లావు మెడ వాడి అరచేతిలో చక్కగా కూర్చుంది. మా అమ్మను మట్టి చేసిన రోజు పాడిన కీర్తన, మొదటి రెండు చరణాలు వాయించాడు. రెండుచోట్ల తప్పాడు. దొరకు కనపడకుండా తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాను. నేను దగ్గినట్టు నటించాను.

వాడు గిటారు దించి, తల వంచుకుని వచ్చి నా కుడిపక్కన కూర్చున్నాడు. నా తువ్వాల ఇద్దరి ఒళ్లోకీ పరిచాను.

"నూట యాభై" అన్నాడు దొర.

తువ్వాల కింద వాడి చెయ్యి పట్టుకున్నాను. కుడిపక్కన కూర్చున్నవాడిది నా చేతికి అందేది ఏ చెయ్యో ఆలోచించే బుద్ధి నాకు లేకపోయింది. కాచుకున్నాను. ఏమీ లేదు. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టాను. వాడు గోడకేసి చూస్తున్నాడు, మొహం రాయిలాగా ఉంది. వాడి చెయ్యి నా చేతిలో ఊరికే పడి ఉంది.

తప్పులు పడ్డాయి కదా, వాడికి మనసు విరిగిందనుకున్నాను.

"మాకొద్దు దొరా" అని లేచాను.

"నూట ముప్పై ఇవ్వు. వాయించేవాడి దగ్గర ఉంటుంది" అన్నాడు ఆయన వాకిలి దాకా వచ్చి. నేను తల అడ్డంగా ఊపాను. పరంజ్యోతి ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి, నా వెంట నడిచాడు. బస్సులో నేనే, "పోనీలేరా, ఇంకోటి చూద్దాం" అన్నాను. వాడు సరే అన్నాడు.

మూడోరోజు పొద్దున మరియమ్మ నాకు సంగటి పెడుతూ అడిగింది.

"దుడ్లు జేబులోనే ఉండాయి గదా, ఎందుకు కొనకుండా వచ్చినావు?"

"వాడికి నచ్చలేదు."

"నచ్చలేదా? గట్టిగా నొక్కినా వదినా, అన్న కాడ దుడ్లు సాలలేదేమో, పాపం, అన్నాడే నాతో."

నేను పట్టుకున్నది వాడి ఎడమ చెయ్యి. ముద్ద పళ్లెంలోనే వదిలి లేచాను. ఆ రోజు బడికి పోలేదు. దొరికిన బస్సెక్కి నంద్యాల పోయాను. క్వార్టరుకు తాళం ఉంది. దొర నిన్ననే రైలెక్కాడనీ, ఎర్ర గిటారు గుంతకల్లు ఆయనెవరో కొనుక్కుపోయాడనీ పక్కింటామె చెప్పింది. పేరు తెలియదంది. ఆ అరుగు మీదే చాలాసేపు కూర్చున్నాను.

తిరిగొచ్చేసరికి పరంజ్యోతి మా ఇంటి ముందే నిలబడి ఉన్నాడు. మరియమ్మ చెప్పినట్టుంది.

"అమ్ముడుపోయిందిరా" అన్నాను.

"పోనీలే అన్నా." దగ్గరికి వచ్చి అడిగాడు. "నేను నొక్కింది నీకు తెలియనే లేదా?"

తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని అడుగుతున్నాడు. కళ్లల్లో భయం కనపడింది. తెలియలేదంటే ఆ చెయ్యి చచ్చిపోయిందని నా నోటితో చెప్పినట్టే. తెలిసిందంటే నేనేమైనట్టో నాకు తెలుసు.

"తెలిసిందిరా. బాగా నొక్కినావు."

"మరి?"

"దుడ్లు ఉన్న్యాయి. ఇయ్యబుద్ధి కాలేదు. తర్వాత మనసు ఒప్పక మళ్లీ పోయినా."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. భయం పోయింది, ఆ చోట ఇంకేదో వచ్చింది. అలాగే వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. గనికి తోలినప్పుడు కూడా వాడు నన్ను అలా చూడలేదు.

ఆరు నెలలు మా గడప తొక్కలేదు. మరియమ్మ నన్ను పిసినారి అంది. నిజం ఆమెకూ చెప్పలేదు, చెబితే వాడికి చేరుతుంది. కానీ వాళ్ల వీధిలో పోతున్నప్పుడల్లా చూసేవాణ్ని. వాడు అరుగు మీద కూర్చుని, గుడ్డ చుట్టిన రోకలి ముక్కను ఎడమచేత్తో పట్టుకుని సాధన చేస్తూ ఉండేవాడు. నా మీద కోపంతోనైనా ఆ చేతిని నమ్ముకున్నాడు.

క్రిస్మస్ పొద్దున ఆరాధన అయ్యాక అందరం చేతులు కలుపుకుంటున్నాం. వాడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చలికి కప్పుకున్న దుప్పటి లోపలి నుంచే ఎడమ చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నాడు. నా మొహంలోకి చూస్తూ నొక్కాడు. మెడనరాలు ఉబ్బేదాకా నొక్కాడు.

నా చేతికి దుప్పటి బరువు తెలిసింది. అంతే.

"మెల్లగా పట్టుకోరా, నొప్పి పుడతాంది" అన్నాను.

ఆరు నెలల తర్వాత వాడు నన్ను చూసి నవ్వాడు. మధ్యాహ్నం అన్నానికి మా ఇంటికి వచ్చాడు.