ఏడవ గుడ్డు

పదకొండవ తేదీ, మంగళవారం. ప్రయోగశాలలో ఉన్నది ఇద్దరం, నేనూ, మా ల్యాబ్ అసిస్టెంట్ అప్పలనర్సమ్మా. ఆమె పోయి మూడేళ్లయిందని నాకు తెలుసు. అయినా ఆ మాట ఆమె ఎదుట అనడం అమర్యాదేమోనని పక్కనే స్టూలు మీద ఒదిగి కూర్చుంటాను.

పండ్ల ఈగల గుడ్లను ఆమె బ్లీచింగ్ నీళ్లలో కదుపుతోంది. పైపెంకు కరగాలి, క్షణం ఎక్కువైతే లోపలి పిండం చస్తుంది. గోడ గడియారానికేమో ముళ్లు లేవు.

"ఎంతసేపైంది?" అంటాను.

"గడియారంతో పనేటి బాబూ? గుడ్డుకి రెండు కొమ్ములుంటాయి కదా, అవి కరిగిపోనాయంటే తీసెయ్యడవే."

కుంచె కొసతో ఒక్క గుడ్డును ఎత్తి, జిగురు పూసిన గాజుపలక మీద అంటించి, ఎండకుండా చమురు చుక్క వేస్తుంది. సూక్ష్మదర్శిని పక్క బల్ల మీదనే ఉండాలి, కాని గది సాగి సాగి ఆసుపత్రి వరండా అయిపోతుంది, ఇద్దరం పలకను చెరొక అంచునా పట్టుకుని మంచాల మధ్యనుంచి నడుస్తాము, చివరికెలాగో చేరి చూస్తే లోపల కణాలు ఆకుపచ్చగా వెలుగుతున్నాయి.

"లైటు తగ్గించు! నీ సినిమా కోసం దాని పేణం తీత్తావేటి?" అని నవ్వి, అదే నవ్వుతో అడుగుతుంది: "ఏడోది పాకిందా మరి?"

చిత్రీకరించిన మర్నాడు గుడ్డులోంచి పురుగు పాకి బయటికి వస్తేనే మా వెలుగు దానికి హాని చేయలేదని లెక్క. లేకుంటే ఆ చిత్రం పనికిరాదు. చూసి, రిజిస్టరులో సాక్షి సంతకం చేసేది ఆమె. ఏడవదాని రోజున ఆమె ఆసుపత్రి మంచం మీద ఉంది.

"పాకలేదు," అంటాను. "చమురు కారిపోయి ఎండిపోయింది. పాకిందని నేనే రాసి మీ దగ్గరికి తెచ్చాను. మీరు చదవకుండా సంతకం పెట్టారు. ఆ చిత్రమే నా పరిశోధన వ్యాసంలో అచ్చయింది."

"ఇరవై రెండేళ్లు గుడ్లు సూసినాను. ఒక్క దొంగరాత రాయనేదు." కంటిని సూక్ష్మదర్శిని నుంచి ఎత్తదు. "నాను పోనాక నా పేరు ఎవులు సూత్తార్లే అనుకున్నారేటి, సారూ?"

ఇంతసేపూ బాబూ అన్న మనిషి. "ఇది పాకీదాకా నాను లెగను. మీరెళ్లండి," అంటుంది.

మెలకువ వస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలు, చదువుకునే కుర్చీ. నా కుడి బొటనవేలూ చూపుడువేలూ ఏదో సన్నని కాడను పట్టుకున్నట్లు బిగుసుకుని, గోళ్లు తెల్లబడి ఉన్నాయి. రెండో చేత్తో విడదీయవలసి వస్తుంది.

కాగితం తీసుకుని, వ్యాసాన్ని ప్రచురించిన పత్రిక సంపాదకులకు రాస్తాను: ఏడవ పిండం బతకలేదు, బతికినట్లు రాసినది నేను, సాక్షి అప్పలనర్సమ్మగారికి ఆ సంగతి తెలియదు, వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నాను. రెండుసార్లు చదివి, సంతకం చేసి, మూడు మడతలు పెట్టి, కవరులో ఉంచి అంటిస్తాను.