నడుము లోతు నీళ్ళు

సముద్రతీరం లేని మా దేశంలో, సొరోటి పట్నంలోని మా కాలేజీ ప్రార్థన బృందం నుంచి ఎనిమిదిమందిని మడగాస్కర్‌కు పంపాలని సంఘపెద్దలు నిర్ణయించారు. మూడు వారాలు అక్కడి జాలరి పల్లెల్లో సువార్త చెప్పాలి. మాలో సముద్రాన్ని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. మమ్మల్ని తయారుచేసే పని అమోంగిన్ అక్కకు అప్పగించారు. మూడేళ్ళ కిందట మొదటి బృందాన్ని అక్కడికి తీసుకువెళ్ళింది ఆమే. ఆ బృందంలో ఎక్వారో అనే అబ్బాయి తిరిగి రాలేదు. వద్దన్నా వినకుండా సముద్రంలో దిగి మునిగిపోయాడని మా ఊళ్ళలో అందరికీ తెలిసిన మాట.

అక్క శిక్షణ గట్టిది. సాక్ష్యం మూడు నిమిషాలు దాటితే చప్పట్లు కొట్టి ఆపేసేది.

"నీ పుట్టుపూర్వోత్తరాలు వాళ్ళకెందుకు? దేవుడు నీకేం చేశాడో చెప్పి కూర్చో."

పరాయి దేశంలో ఏది పెడితే అది తినాలని ఒకరోజు ఉప్పులేని అన్నం, ఎండుచేప పెట్టి మా మొహాలు చూస్తూ నిలబడింది.

"ఇదే తినాలంటే నేనిక్కడే ఉండి మా అమ్మమ్మకి సువార్త చెప్పుకుంటానక్కా," అన్నాడు ఒక్వీ. మాలో నోరు ఊరుకోనిది వాడిదే.

"మీ అమ్మమ్మే నీకు చెబుతుందిలే. నోరుమూసుకుని తిను."

అంతవరకూ బాగానే ఉండేది. సాయంత్రం ఇళ్ళకు వెళ్ళేముందు మమ్మల్ని వేలితో చూపిస్తూ లెక్కపెట్టేది. ప్రతిసారీ "తొమ్మిది" అనేది.

"ఎనిమిదిమందిమే అక్కా."

మళ్ళీ లెక్కపెట్టేది. మళ్ళీ తొమ్మిదే.

"నీకు లెక్కలు చెప్పిన మాస్టారెవరో గానీ దణ్ణం పెట్టాలి," అనేవాడు ఒక్వీ. మొదట్లో అందరం నవ్వేవాళ్ళం. రెండో వారానికి నవ్వు ఆగిపోయింది. ఎనిమిదో మనిషి తర్వాత ఆమె వేలు ఎప్పుడూ తలుపు పక్క బెంచీ చివరే ఆగేది. అక్కడ ఎవరూ ఉండేవాళ్ళు కాదు. క్రమంగా ఆ చివర కూర్చోవడం మేమూ మానేశాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, మానేశామంతే.

ఒకరోజు పాట నేర్చుకుంటుంటే మా గొంతుల కింద ఇంకో గొంతు వినిపించింది. బరువైన మగ గొంతు. మాలో ఎవరికీ అంత లోతు గొంతు లేదు. నేను పక్కకి చూస్తే, అజిలోంగ్ నన్నే చూస్తోంది. అక్క మాత్రం కళ్ళు మూసుకుని పాడుతూనే ఉంది. అది నా భ్రమ అని ఇప్పటికీ అనుకోలేకపోతున్నాను.

మూడో వారం పడవ ఎక్కడం, దిగడం నేర్పడానికి బిసినా సరస్సుకి తీసుకువెళ్ళింది. పడవ ఒడ్డుకి కొంచెం దూరంగా ఆగింది. నీళ్ళలో అక్కడిదాకా నడిచివెళ్ళి ఎక్కాలి. అజిలోంగ్ మోకాలి లోతులోనే ఆగిపోయింది.

"నాకు ఈత రాదు. నేను రాను."

ఒక్వీ పడవలోంచి నవ్వాడు. "విశ్వాసమున్నవాళ్ళకి నడుము లోతు నీళ్ళంటే భయమా?"

"ఆ మాట అనకు!"

అక్క కేక అది. చెప్పులతోనే నీళ్ళలోకి పరిగెత్తి అజిలోంగ్ రెక్క పట్టుకుని ఒడ్డుకి ఈడ్చింది. మమ్మల్నీ ఒక్కొక్కరినే పడవలోంచి దింపి లాక్కొచ్చింది. ఎనిమిదిమందీ గట్టుమీద నిలబడ్డాక కూడా ఆమె నీళ్ళకేసే చూస్తూ, "ఇంకొకడు రావాలి, ఇంకొకడు," అంటోంది.

చాలాసేపటికి నన్ను పక్కకి పిలిచింది. "అకురుత్, ఎక్వారో వాళ్ళమ్మ మీ పక్కూరే కదా? రేపు నాతో రా. ఒక్కదాన్నే వెళ్ళలేను."

మేం వెళ్ళేసరికి ఆమె వాకిట్లో చిరుధాన్యం ఆరబోస్తోంది. మాకు పీటలు వేసింది. అక్క పీటమీద కూర్చోలేదు, నేలమీద మోకరించింది.

"అమ్మా, వాడు నా మాట వినకుండా దిగలేదు. నేనే దిగమన్నాను. పుస్తకాల పెట్టె పడవలో ఉండిపోయింది. తెచ్చిపెట్టమన్నాను. ఈత రాదక్కా అన్నాడు. విశ్వాసమున్నవాడికి నడుము లోతు నీళ్ళంటే భయమా అన్నాను. వాడు దిగేసరికే పోటు మొదలైంది."

ఆమె చెయ్యి ధాన్యంలోనే ఆగిపోయింది. కోపంగానైనా చూడలేదు.

"నాకు తెలుసు," అంది.

అక్క తలెత్తింది.

"మంచినీళ్ళు తాగాలన్నా అడిగి తాగే పిల్లాడు వాడు. పెద్దవాళ్ళు వద్దన్నా సముద్రంలో దిగాడని ఊరంతా నమ్మింది. కన్నదాన్ని, నేనెలా నమ్ముతాను? ఎవరో ఒకరు వచ్చి చెబుతారని మూడేళ్ళు చూశాను. ఆదివారం బడిలో పిల్లలకి ఏం చెబుతున్నారో తెలుసా నీకు? పెద్దల మాట వినకపోతే ఎక్వారోలా అవుతారట. అది వింటూ ప్రతి ఆదివారం ఆ గుడిలోనే కూర్చున్నాను."

"క్షమించమని అడిగే మొహం నాకు లేదమ్మా..."

"అడగొద్దు. నీ ఏడుపూ నాకొద్దు. వాడికి పోయిన మంచిపేరు వాడికి తిరిగి ఇవ్వు. అందరి ముందూ చెప్పు. ముందు వరసలో కూర్చుని వింటాను."

ఆ ఆదివారం అక్క చెప్పింది. ఒక్క మాట కూడా దాచుకోలేదు. ముందు వరసలో ఎక్వారో తల్లి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉంది. సాయంత్రానికల్లా పెద్దలు అక్కని శిక్షణ నుంచి తప్పించారు. మాలో ఇద్దరి తల్లిదండ్రులు తమ పిల్లల్ని వెనక్కి తీసుకున్నారు. మిగిలిన ఆరుగురికీ కొత్త నాయకుడొచ్చాడు. ప్రయాణం రెండు నెలలు వాయిదా వేసి, ముందు మాకు ఈత నేర్పించాడు. అందరికంటే త్వరగా నేర్చుకున్నది అజిలోంగే.

మేం బయలుదేరే పొద్దున, విమానాశ్రయానికి వెళ్ళే బస్సు దగ్గరికి ఎక్వారో తల్లి వచ్చింది. అమోంగిన్ అక్క కూడా వచ్చింది గానీ రోడ్డు దాటలేదు, అవతల చపాతీల బండి పక్కనే నిలబడిపోయింది. ఎక్వారో తల్లి ఆమెని చూసింది. పిలవలేదు, పొమ్మనీ అనలేదు. తర్వాత మా ఆరుగురిలో ఒక్కొక్కరి దగ్గరా ఆగి అడిగింది.

"ఈతొచ్చా?"

"వచ్చమ్మా."

"భయమేస్తున్నా దిగమంటే?"

"దిగమమ్మా."

"పెద్దవాళ్ళు చెప్పినా? దేవుడి పేరు పెట్టి చెప్పినా?"

అలాంటి జవాబు చెప్పడం మాకు ఎవరూ నేర్పలేదు. కొత్త నాయకుడు తల దించుకుని సామాన్లు సర్దుతున్నాడు.

"దిగనమ్మా," అంది అజిలోంగ్.

ఎక్వారో తల్లి ఆమె చెంప నిమిరింది. "ఇక ఎక్కండి," అంది.