పిన్ని ఇంటి పైకప్పు

పిన్ని ఇంటికి రేకులు వస్తున్నాయన్న సంగతి పిట్టకు ఎవరూ చెప్పలేదు. ఇద్దరు అతిథులను వెంటబెట్టుకుని కొండదారి ఎక్కుతుంటే వెనక గలగలమని చప్పుడైంది. ముగ్గురూ దారి పక్కకు తప్పుకున్నారు. కొందరు మనుషులు పొడవాటి రేకులు తలమీద మోసుకుంటూ వాళ్ళను దాటి పోతున్నారు. కింద కాళ్ళు, పైన రేకులు, మధ్యలో మనుషులే లేనట్టుంది. ఎండ పడి రేకులు తళుక్కుమంటుంటే కళ్ళు తెరవడం కష్టమైంది.

"ఎవరింటికన్నా?" అని అడిగింది పిట్ట.

"మీ పిన్నిగారింటికే. తెలీనట్టు అడుగుతావేంటమ్మా?" అంది రేకు కింద నుంచి ఒక గొంతు.

అతిథులు భార్యాభర్తలు. ఆవిడ స్కూల్లో టీచరు, ఆయన బ్యాంకు ఉద్యోగి. టీచరు నుదుటి చెమట తుడుచుకుంటూ, "పశువుల పాక కోసమా ఈ రేకులు?" అంది.

"అవునండీ," అనేసింది పిట్ట. అన్నాక తనే ఆశ్చర్యపోయింది. అబద్ధం చెప్పాలని అనుకోలేదు. అది దానంతటదే వచ్చేసింది.

పిట్ట అసలు పేరు స్కూలు సర్టిఫికెట్లలో తప్ప ఇంకెక్కడా వినబడదు. చిన్నప్పుడు చెట్టెక్కి ఏ పక్షి ఎలా కూస్తుందో అలా కూసేది కాబట్టి బాబాయి పెట్టిన పేరు అది. వాళ్ళ నాన్నకు కండక్టరు ఉద్యోగం వచ్చాక కుటుంబం కింద టౌనుకు దిగిపోయింది. పిన్ని, బాబాయి పైన ఊళ్ళోనే ఉండిపోయారు.

పిట్ట కళ్ళముందే టౌను పాడైపోయింది. హోటళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వాగు మురికికాలువైంది. పై ఊరికి కూడా ఆ గతి పట్టకూడదని ఆమె, మరో ఇద్దరు స్నేహితులు కలిసి ఒక చిన్న సంస్థ పెట్టారు. ఒకడు లెక్చరర్. ఏ కాలేజీలోనూ పాఠం చెప్పలేదు, ఎక్కడ నలుగురు కనబడితే అక్కడ మొదలుపెడతాడని ఆ పేరు. ఇంకో అమ్మాయి కెమెరా. అది ఆమె మెడలోంచి దిగదు. బస్టాండు పక్కన టైలరు షాపు మీద గది వాళ్ళ ఆఫీసు. కింద మిషన్లు తిరుగుతుంటే పైన బల్లమీద టీ గ్లాసులు సన్నగా వణుకుతుంటాయి.

వాళ్ళ ఆలోచన సులువైనది. వచ్చేవాళ్ళు హోటళ్ళలో కాకుండా పై ఊళ్ళో ఇళ్ళలో ఉండాలి. నడిచి తిరగాలి. ఇంట్లో వండింది తినాలి. తెచ్చిన చెత్త తిరిగి తీసుకుపోవాలి. ఒకేసారి ఎక్కువమంది రాకూడదు. ఇవికాక ఇంకో నియమం ఉంది: ఇళ్ళు ఉన్నవి ఉన్నట్టుగానే ఉండాలి, రాతి గోడ, పైన నల్ల పలకరాళ్ళ కప్పు. రేకు వేసిన ఇంటికి అతిథులను పంపకూడదు. ఈ నియమం పిట్టదే. లెక్చరర్ అంత అవసరమా అంటే, లేచి నిలబడి మరీ వాదించి నెగ్గింది.

అందరికంటే ముందు గది ఇచ్చింది పిన్ని. సంస్థ వెబ్‌సైటు తెరవగానే కనబడే ఫోటో కూడా ఆ ఇంటిదే.

వీళ్ళు చేరేసరికి పిన్ని వాకిట్లో నిలబడి రేకులు ఎక్కడ పెట్టాలో చూపిస్తోంది. "వచ్చారా! రండి రండి. కాళ్ళు కడుక్కోండి," అని అతిథులను పలకరించి, పిట్టవైపు తిరిగింది. "రేకులు చూశావటే, అద్దంలా ఎలా మెరుస్తున్నాయో!"

పిట్ట ఆమెను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. "పిన్నీ, నాకొక్క మాట చెప్పొద్దా?"

"చెప్తే ఏం చేస్తావు? వద్దంటావు. అందుకే చెప్పలేదు."

"మరి మన నియమం?"

"నువ్వా నియమం పెట్టినప్పుడు మీ బాబాయి మంచం ఆ గోడ పక్కనుండేది. అక్కడ కారితే ఈ మూలకి జరిపాం. ఇక్కడ కారితే ఆ మూలకి జరిపాం. ఇంక జరపాలంటే వీధిలోకే జరపాలి."

పిట్ట చుట్టూ చూసింది. బియ్యం డబ్బా మీద బకెట్టు, పొయ్యి పక్కన సత్తుగిన్నె, మంచం తలాపున పాత డేకిసా. దూలం మీద తడి చారలు దిగి ఉన్నాయి. ఇన్నిసార్లు వచ్చింది కానీ ఈ గిన్నెలు ఎందుకున్నాయో అని ఎప్పుడూ అనుకోలేదు. అతిథుల గది చూసుకుని, వంటింట్లో టీ తాగి పోయేది. బాబాయి మంచం మీద కూర్చుని నవ్వాడు. తనకు ఈ గొడవతో సంబంధం లేదన్నట్టు దుప్పటి సర్దుకున్నాడు.

"మేస్త్రీ మావయ్యని పిలవచ్చుగా? ఎక్కడ జారిందో చూసి సర్దేవాడు."

"పిలవలేదనుకున్నావా? ఆయనకి ఖాళీ ఎక్కడ! పో, నువ్వే అడిగి చూడు."

ఊళ్ళో ఏ ఇంటి కప్పు చూసినా మేస్త్రీ చెయ్యి పడినదే. పిట్ట వెళ్ళేసరికి ఆయన అరుగు మీద కూర్చుని నడకబూట్లకు పాలిష్ వేస్తున్నాడు. తలమీద సంస్థవాళ్ళ ఆకుపచ్చ టోపీ. అతిథులను కొండలు తిప్పే పని మొదలైనప్పుడు పిట్టే స్వయంగా ఇచ్చింది.

"మావయ్యా, పిన్నివాళ్ళ కప్పు కారుతోందట. ఒకసారి వచ్చి చూస్తావా?"

"రేపు పై గుట్టకి మనుషుల్ని తీసుకెళ్ళాలి తల్లీ. ఎల్లుండి వేరేవాళ్ళు." ఆయన బూటు ఎత్తి వెలుగులో చూసుకున్నాడు. "పలకలు ఎత్తీ ఎత్తీ నా నడుము ఎప్పుడో పోయింది. ఇప్పుడు హాయిగా నడుస్తున్నా. నాలుగు కబుర్లు చెప్తే సంతోషపడుతున్నారు. ఈ వయసులో నాకింతకంటే ఏం కావాలి?"

"నిజమేననుకో. కానీ ఊళ్ళో కప్పుల సంగతి?"

"అది నన్నడుగుతావేంటి? నువ్వేగా నాకు టోపీ పెట్టింది!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక అది హాస్యమో నిష్ఠూరమో పిట్టకు అర్థం కాలేదు. ఆయన మొహం చూస్తే రెండూ కావన్నట్టుంది.

"పోనీ, కుర్రాళ్ళకెవరికైనా నేర్పరాదూ?"

"నేర్పుతా. ఎవరికి? కుర్రాళ్ళందరూ నీ దగ్గరే ఉన్నారుగా."

తిరిగి వస్తూ పిట్ట దారిలో ఆగిపోయింది. ఈ ఊరి పిల్లలు పనికోసం కిందికి దిగిపోకూడదనే కదా ఇదంతా మొదలుపెట్టింది. దిగిపోలేదు. బ్యాగులు మోస్తున్నారు, దారి చూపిస్తున్నారు, ఫోన్లలో అతిథులతో మాట్లాడుతున్నారు. అనుకున్నదే జరిగింది. అనుకున్నదే జరిగితే పిన్ని వంటింట్లో బకెట్లెందుకు? ఎక్కడ పొరపాటు చేసిందో వెతికి చూస్తే ఒక్కటీ దొరకలేదు. పొరపాటంటూ దొరికితే దిద్దుకోవచ్చు. దొరక్కపోతే ఏం చెయ్యాలి?

మర్నాడు పొద్దున్నే లెక్చరర్, కెమెరా పైకి వచ్చారు. విషయం విని లెక్చరర్ మొహం వెలిగిపోయింది. "ఇందులో బాధపడేదేముంది? అతిథులతోనే కప్పు వేయిద్దాం! మేస్త్రీగారు కింద కూర్చుని చెప్తారు, వీళ్ళు పైన పేరుస్తారు. కొండ ఇల్లు కట్టడంలో పాలుపంచుకోవడం! దానికోసమే మనుషులు వస్తారు చూడు."

"నా ఇల్లేమన్నా బొమ్మరిల్లనుకున్నావా బాబూ?" అంది పిన్ని.

టీచరుకు మాత్రం మహా ఉత్సాహంగా ఉంది. అప్పటికే చీరకొంగు బిగించింది. బాబాయి మంచం మీదనుంచి, "వాళ్ళుండే గదే కదా. దానిమీద వేసుకోనీ," అన్నాడు. పిన్ని విసుక్కుంటూ నిచ్చెన తెచ్చి ఇచ్చింది. గుట్ట నడక మానేసి మేస్త్రీ వచ్చాడు.

అతిథుల గదిమీది పలకలు దించి, పాడైన వాసం మార్చి, మళ్ళీ పేర్చడం మొదలుపెట్టారు. టీచరు ఒళ్ళంతా దుమ్ము చేసుకుని చిన్నపిల్లలా నవ్వింది. బ్యాంకు ఆయన ఒక పలక జారవిడిచి, అది వాకిట్లో రెండు ముక్కలైతే, అందరికీ పేరుపేరునా క్షమాపణ చెప్పాడు. కెమెరా ఫోటోలు తీస్తూనే ఉంది. మేస్త్రీ కాసేపు కింద కుర్చీలో కూర్చుని, "పలక మీద పలక సగం ఎక్కాలి! అబ్బే, అలా కాదు! వాలు చూడండి, వాలు!" అని అరిచాడు. చివరికి ఉండబట్టలేక, బూట్లు విప్పి నిచ్చెన ఎక్కేశాడు.

"మావయ్యా, నడుము!" అంది పిట్ట.

ఆయన వినిపించుకోలేదు. పైకెక్కాక ఆయన మనిషే మారిపోయాడు. పలకను వేలితో తట్టి, చెవి ఒగ్గి విని, పగిలినట్టు మోగితే పక్కనపెట్టి, ఇంకోటి తీసుకుని, ఈల వేసుకుంటూ వరుస వెంట జరిగాడు. పిట్టకు సంతోషం వేసింది. అంతా చక్కబడిందనిపించింది.

వరుస చివరకు వచ్చి లేవబోయినవాడు లేవలేకపోయాడు. నడుము పట్టేసింది. లెక్చరరూ బ్యాంకు ఆయనా ఆయన్ని తాడు కట్టి మెల్లగా దించాల్సి వచ్చింది. దిగుతూ కూడా, "ఆ చివరి వరుస ముట్టుకోకండి!" అని కేకలేస్తూనే ఉన్నాడు. మిగిలింది అతిథులు తమకు తోచినట్టు ముగించారు. టీచరు పిట్టను కావలించుకుని, ఈ ప్రయాణంలో ఇంత మంచి రోజు లేదంది. అటు మేస్త్రీ ఇంట్లో ఆయన భార్య వేడినీళ్ళు కాస్తూ పిట్టవైపు చూడలేదు. రెంటిలో దేన్ని పట్టించుకోవాలో పిట్టకు తెలియలేదు.

మరుసటి మధ్యాహ్నం వాన పట్టింది. మేస్త్రీ వేసిన వైపు ఒక్క చుక్క కారలేదు. అతిథులు వేసిన వైపు ధారగా దిగింది, అదీ సరిగ్గా టీచరు సూట్‌కేసు మీద. ఆవిడ కాసేపు నవ్వింది. చీరలన్నీ తడిశాక నవ్వడం మానేసింది. దంపతులిద్దరూ వంటింట్లోకి వచ్చి బకెట్లమధ్య ఒదిగి కూర్చున్నారు.

అతిథులు వెళ్ళిపోయిన రోజే పిన్ని మనుషుల్ని పిలిపించి వంటిల్లు, పడకగదుల మీద రేకులు వేయించేసింది. ఎవర్నీ అడగలేదు. పలకలు కిందికి అందిస్తుంటే పిట్ట అందుకుని ఇంటి వెనక పేర్చింది.

రేకుల మీద మొదటి వాన పడ్డప్పుడు పిట్ట అక్కడే ఉంది. చెవులు చిల్లులు పడేంత మోత. పిన్ని పొయ్యి దగ్గరనుంచి ఏదో అంటోంది.

"ఏంటి?" అని అరిచింది పిట్ట.

పిన్ని మళ్ళీ ఏదో అంది. అదీ వినబడలేదు. అంత మోతలోనూ బాబాయి నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. పక్కబట్టలు పొడిగా ఉన్నాయి. పిట్ట దుప్పటి అంచు పట్టుకుని చూసింది. ఆ పొడి గుడ్డ చేతికి తగులుతుంటే ఊరట కలిగింది. ఊరట కలిగినందుకు తనమీద తనకే కోపం కూడా వచ్చింది.

ఆ వారం టైలరు షాపు మీద గదిలో సమావేశం పెట్టుకున్నారు.

"నియమమంటే నియమమే. మీ పిన్నయినా, మా పిన్నయినా," అన్నాడు లెక్చరర్. మేస్త్రీ నడుము సంగతి తర్వాత అతని గొంతులో మునుపటి ఊపు లేదు.

కెమెరా ఫోటోలు తిరగేస్తూ, "ఇల్లు సగం పలకే కదా? దక్షిణం వైపునుంచి తీస్తే రేకు కనబడదు," అంది.

"అంటే మోసం చేద్దామా?" అంది పిట్ట గట్టిగా. పశువుల పాక గుర్తొచ్చి వెంటనే గొంతు తగ్గించింది. "రేకు వేస్తే ఊరు ఊరులా ఉండదు. వేసవిలో పెనంలా కాలుతుంది. వానొస్తే ఒకరి మాట ఒకరికి వినబడదు. అయినా పిన్ని తడుస్తూ కూర్చోవాలా? ఎవరో వచ్చి రెండ్రోజులు చూసి పోవడానికి? కానీ ఒక్కరికి సరేనంటే అందరూ వేస్తారు. వేస్తే తప్పేంటి? అబ్బ, తప్పే..."

"ఆగు. నువ్వు ఎవరి తరఫున మాట్లాడుతున్నావు?" అన్నాడు లెక్చరర్.

"నాకే తెలీట్లేదురా."

చివరికి పిట్టే తను పెట్టిన నియమాన్ని తీసేద్దామంది. దానికి బదులు, దారి చూపించే కుర్రాళ్ళలో కొందరు వంతులవారీగా మేస్త్రీ దగ్గర కప్పు పని నేర్చుకోవాలనీ, కారుతున్న ఇంటికి అతిథులకంటే ముందు వాళ్ళు వెళ్ళాలనీ అంది. లెక్చరర్ చెయ్యెత్తాడు. కెమెరా చెయ్యెత్తింది. పిట్ట చెయ్యి అందరికంటే ఆలస్యంగా లేచింది.

అది కొంత ఫలించింది, కొంత ఫలించలేదు. ముగ్గురు కుర్రాళ్ళు నేర్చుకుంటామన్నారు. ఒకడు నాలుగు రోజులకే మానేశాడు. మిగతా ఇద్దరికీ మేస్త్రీ వాకిట్లో మంచం వేయించుకుని, పడుకునే తిడుతూ నేర్పాడు. తర్వాత ఆయన కోలుకున్నాడు కానీ పై గుట్టకు ఇంక నడవలేడు. మళ్ళీ వానలు వచ్చేసరికి ఊళ్ళో సగం కప్పులు తళతళలాడుతున్నాయి. అతిథులు వస్తూనే ఉన్నారు. కొందరు ఫోటోలో చూసిన ఊరు ఇది కాదని ముఖం ముడుచుకున్నారు. కొందరు అసలు తలెత్తి చూడలేదు. టీచరు మాత్రం ఫోన్‌ చేసి, తను వేసిన కప్పు ఎలా ఉందని అడిగింది. అప్పటికే దాన్ని ఆ కుర్రాళ్ళిద్దరూ విప్పి మళ్ళీ వేశారు. బాగుందండీ అంది పిట్ట. అది అబద్ధమవుతుందో కాదో ఆలోచించే ఓపిక లేకపోయింది.

ఒక ఉదయం పిట్ట వెళ్ళేసరికి పిన్ని ఇంటి వెనక, పేర్చిన పలకల మీద కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. పలకల మీద దుమ్ము లేదు. ఎవరో కడిగినట్టున్నారు.

"పిన్నీ, ఇవి కావాలని మేస్త్రీ మావయ్య అడుగుతున్నాడు. వేరే ఇంటికి పనికొస్తాయట."

"ఇవ్వనని చెప్పు."

"మళ్ళీ వేయిస్తావా ఏంటి?"

"నాకేం పిచ్చా? రేకుల కింద సుఖంగా ఉన్నాం."

"మరి ఇచ్చెయ్యొచ్చుగా?"

"ఇవ్వనన్నానా!"

"ఎందుకు?"

పిన్ని ఒలిచే చేతులు ఆగాయి. ఇంటి కప్పు వైపు చూసింది, పిట్ట వైపు చూసింది. "ఏమోనే. ఉండనీ అలా," అంది చివరికి. "అయినా ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీస్తావేంటి? జరుగుతా, ఇలా కూర్చో."

పిట్ట ఆమె పక్కన కూర్చుని గిన్నె ఇద్దరి మధ్యకీ జరుపుకుంది.