గుండిగల గది

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న కనకలత పిన్ని, ముందుగదిలో మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న నూకమ్మ మామ్మ, ఆ కాళ్ళకు ఆవనూనె రాస్తున్న రజని, స్టీలు ప్లాంటులో డ్యూటీ ఉండి కూడా సెలవు పెట్టేసిన తిరుమలరావు బాబాయి, పొద్దున్నే వచ్చి కుర్చీకి అతుక్కుపోయిన వీధి సంఘం సెక్రటరీ గణపతిరావు. వీళ్ళలో కూర్చుని టీ తాగేవాళ్ళు ముగ్గురు, నిలబడి అందించేవాళ్ళు ఇద్దరు.

"రజనమ్మా, మధ్యాన్నం నువ్వూ పిన్నీ మంచి బట్టలు కట్టుకుని లైబ్రరీకి రండి. కాసేపు కూకుని చదూకుందురుగాని" అన్నాడు బాబాయి.

రజని చెయ్యి మామ్మ మోకాలి మీద ఆగిపోయింది.

టెక్కలి దగ్గర పల్లెలో పదో తరగతి పూర్తిచేసి భిలాయి ఖుర్సీపార్‌లోని ఈ ఇంటికి వచ్చాక ఆ పిల్ల బాగా నేర్చుకున్నది ఒకటే, ఏ పిలుపు వెనక ఏ పని ఉంటుందో కనిపెట్టడం. 'ఏయ్ గుంటా' అంటే మామూలు పని, గిన్నెలో బట్టలో. 'రజనీ' అంటే కాస్త పెద్దది, పిండిమరకు వెళ్ళి రావడంలాంటిది. 'రజనమ్మా' అని మాత్రం బాబాయి ఇంతకుముందు ఒక్కసారే అన్నాడు, వినాయక చవితి పందిట్లో వీధి మొత్తానికి పులిహోర కలపాల్సి వచ్చినప్పుడు. అంతెందుకు, పల్లెలో అమ్మ ముందు కూర్చుని "మా ఇంట్లో కూతుర్లాగుంటాది వదినా, భిలాయిలో కాలేజీలో ఏస్తాం" అన్నప్పుడు కూడా ఆ గొంతు ఇలాగే మెత్తగా ఉంది. తీరా వచ్చాక "హిందీ రాకుండా కాలేజీ ఏటి? ముందు హిందీ రానీ, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. హిందీ నేర్పడానికి కూరగాయల బండివాడు, పాలవాడు దొరికారు. అందుకే ఎవరైనా మెత్తగా మాట్లాడితే రజనికి భయం. ఆ మెత్తదనం కింద ఏముందో చేత్తో తడిమి చూసుకుంటేగానీ అడుగు వెయ్యదు.

పైగా లైబ్రరీ! వీధి చివర రేకుల షెడ్డు పక్కన ఉన్న ఆ పసుపుపచ్చ భవనం ముందు నుంచి పిండి డబ్బా నెత్తిన పెట్టుకుని ఎన్నిసార్లు నడిచిందో. కిటికీలోంచి పేపర్లు తిరగేస్తున్న మగవాళ్ళు కనిపించేవాళ్ళు, కేరమ్‌ బోర్డు చప్పుడు వినిపించేది. ఒకసారి ధైర్యం చేసి, వెళ్ళొచ్చా అని అడిగింది. "అక్కడ ఆడోళ్ళకి గది లేదమ్మా" అన్నాడు బాబాయి. "చదువంత ముంచుకొస్తే గోడకి కేలెండర్ లేదేటే, చదువుకో" అంది మామ్మ. ఆ మాట మామ్మ తర్వాత చాలామందికి చెప్పి నవ్వించింది.

"నగరం లైబ్రరీలూ జిల్లా లైబ్రరీలూ కలిపేస్తన్నారు" అని గణపతిరావు వంటింటి వైపు తిరిగి, పిన్నికి కూడా వినపడేలా చెప్పాడు. "ఇక ఒకే కార్డు, ఒకే అజమాయిషీ. ఏ బ్రాంచికి ఆడోళ్ళు రావట్లేదో దాన్ని బంద్ చేసేసి, పుస్తకాలు జిల్లా హెడ్డాఫీసుకి, దుర్గ్ పట్టుకుపోతారంట. ఇయ్యాల జిల్లా లైబ్రరీ మేడమ్ చూడ్డానికొస్తంది."

"పోతే పోనీరా. ఆ పుస్తకాలు ఎవడు తింటాడు?" అంది మామ్మ.

"పుస్తకాల్దేముందత్తా! బిల్డింగు పోతాది కదా!"

వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. పుస్తకాలు పోతే పోయాయట, బిల్డింగు పోకూడదట. ఆ మాట రజని మనసులో పెట్టుకుంది.

"మేడమ్ అడిగితే 'రోజ్ ఆతే హై' అనండి. రోజూ వస్తాం అని. బస్, అంతే. ఏదీ, అను?" అన్నాడు బాబాయి.

"రోజ్ ఆతే హై" అంది రజని నేల చూస్తూ.

"శభాష్. హిందీ రాదన్నదెవడు?" అని గణపతిరావు నవ్వాడు.

నూనె గిన్నె పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళి, రజని గొంతు తగ్గించి అడిగింది. "పిన్నీ, అక్కడ ఆడవాళ్ళకి గది లేదన్నారు కదా?"

పిన్ని తలెత్తలేదు. "కొత్తిమీర కడిగి తే" అంది.

అడిగినదానికి జవాబు చెప్పకుండా పని చెప్పడం పిన్నికి అలవాటే. అయినా ఆ రోజు ఆ అలవాటు మీద కూడా రజనికి అనుమానం వచ్చింది.

మధ్యాహ్నం వీధిలో ఆడవాళ్ళందరూ పేరంటానికి వచ్చినట్టు వచ్చారు. పట్టుచీరలు, తలలో పూలు. ఒకావిడ మేడమ్‌కి పెడదామని కుంకుమ భరిణె కూడా తెచ్చింది. గణపతిరావు వాళ్ళను కేరమ్‌ బోర్డు ఉన్న హాలు దాటించి వెనక గదికి తీసుకెళ్ళాడు. కొత్తగా వేసిన సున్నం వాసన గుప్పుమంది. తలుపు మీద హిందీలో 'మహిళా కక్ష్', అంటే ఆడవాళ్ళ గది, అన్న బోర్డు ఉంది. అక్షరాలు వెలిసిపోయాయి, మేకులు తుప్పుపట్టాయి. గోడకు వేసిన సున్నం ఆ బోర్డు అంచు మీద పడి ఇంకా ఆరలేదు. లేని గదికి ఇంత పాత బోర్డు ఎక్కడి నుంచి వచ్చింది?

లోపల అద్దెకు తెచ్చిన కుర్చీలు వరసగా వేసి, ఒక్కో దాని మీద ఒక్కో పుస్తకం పెట్టారు. ఆడవాళ్ళు గుమ్మం దగ్గర చెప్పులు విప్పారు. లోపలికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే, కుర్చీలన్నీ వదిలేసి గోడవారన నేల మీద కూర్చున్నారు. ఎవరి చోటు వాళ్ళకు తెలిసినట్టే కూర్చున్నారు. రజని కూడా కూర్చోబోయి నేల చూసింది. గచ్చు మీద నల్లటి వలయాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. ఎంత కడిగినా పోని మసి. అన్నిటికన్నా పెద్ద వలయం ఒక పక్క లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఆ సొట్ట రజని అరచేతికి తెలుసు. చవితి అయ్యాక సంఘం గుండిగల్ని చింతపండు పెట్టి తోమింది తనూ పిన్నీనే. తోమాక వాటిని మగవాళ్ళు ఎక్కడికి మోయించారో తను చూడలేదు. అయితే ఇక్కడికన్నమాట. గది లేక కాదు, గది నిండిపోయి. ఈ ఆడవాళ్ళకు ఈ గదిలో ఇన్నాళ్ళూ పని ఉంది, పండగలప్పుడు కత్తిపీటలు వేసుకుని గుమ్మడికాయలు తరిగే పని కాబోలు. అందుకే కుర్చీల వైపు ఎవరి కాళ్ళూ పోలేదు.

పిన్ని కిటికీ పక్క మూలన కూర్చుంది. చూడకుండానే వెళ్ళి కూర్చుంది.

"నా పెళ్ళయిన కొత్తలో ఇక్కడే కూకునేదాన్ని" అంది, పెదవులు కదిలీ కదలనట్టు. "ఇక్కడ వెలుతురు బాగుంటాది. నాలుగు రోజులకని గుండిగలు పెట్టారు. మరి తియ్యలేదు."

"నీకు తెలుసా పిన్నీ?" రజని ఆవిడ వైపు జరిగింది. "తెలిసీ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే 'నువ్వెందుకు ఊరుకున్నావు' అంటావు. ఏటని చెప్పను?"

రజని మొహం తిప్పేసుకుంది. బాబాయి మీద అనుమానం వచ్చినప్పుడు బాధ లేదు, ఆయన అంతే అనుకుంది. పిన్ని మీద వస్తే మాత్రం ఏడుపొచ్చింది. ఏటేటా తనే తోమి, ఏ గదిలో తన చోటు పోయిందో ఆ గదికే వాటిని పంపించింది ఈవిడ. అలాంటిది, తనను పల్లె నుంచి చదివించడానికే తెచ్చిందని నమ్మకమేమిటి? రెండు చేతులు చాలక ఇంకో రెండు తెచ్చుకుందేమో.

సాహూ మేడమ్ వచ్చింది. నూలు చీర, మెడలో వేలాడుతున్న కళ్ళజోడు. అందరినీ చూసి, కుర్చీలుండగా కింద కూర్చున్నారేమని హిందీలో అడిగింది.

"హమారే లోగోం మే రివాజ్ హై మేడమ్" అన్నాడు గణపతిరావు. మా వాళ్ళ ఆచారం అదేనట. గుమ్మంలో నిలబడ్డ బాబాయి అవునన్నట్టు తలూపాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

మేడమ్ ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. ఒక్కొక్కరూ "రోజ్ ఆతే హై" అంటూ వచ్చారు. కుంకుమ భరిణె ఆవిడ అయితే రెండుసార్లు అంది. మేడమ్ ఇటే వస్తోంది. ఈ గదికి ఎవరూ రారని నిజం చెప్తే లైబ్రరీ మూసేస్తారు, పుస్తకాలు దుర్గ్ పోతాయి. పిండిమర దాటి పోనివ్వని ఇల్లు దుర్గ్ బస్సు ఎక్కనిస్తుందా? అబద్ధం చెప్తే లైబ్రరీ ఉంటుంది, రేపటికి గుండిగలు వచ్చి కూర్చుంటాయి. ఈ మేడమ్‌ని మాత్రం ఏం నమ్మడం? టీ తాగుతుంది, జీపెక్కుతుంది, పోతుంది. ఇంతమంది ఇంతసేపు మాట్లాడినా, రజనికి తెలుసుకోవాల్సింది ఒక్కటే మిగిలింది. దాన్ని ఎవరూ చెప్పలేదు.

"ఔర్ తుమ్, బేటీ?" మరి నువ్వు, అని మేడమ్ రజనిని అడిగింది.

రజని లేచి నిలబడింది.

"మేడమ్, కల్ భీ... ఖులేగా?"

రేపు కూడా తెరుస్తారా అని. అంతే అడిగింది.

రోజూ వచ్చేవాళ్ళు ఎవరూ అడగని ప్రశ్న అది. కొంగుల చాటు నవ్వులు ఆగిపోయాయి. మేడమ్ రజనిని చూసింది, తర్వాత వరసగా ఉన్న ఖాళీ కుర్చీల్ని చూసింది, కళ్ళజోడు పెట్టుకుని వంగి నేల మీది మసి వలయాల్ని చూసింది. "తాళం ఎవరి దగ్గరుంది?" అని అడిగింది. గణపతిరావు ఇంత పొడుగు తాళంచెవి జేబులోంచి తీశాడు.

మేడమ్ గొంతు పెంచలేదు. బ్రాంచి మూయించననీ, ఇకనుంచి జిల్లా పద్ధతే ఇక్కడా నడుస్తుందనీ చెప్పింది. ఆడవాళ్ళ గది తాళం చదువుకునే ఆడమనిషి దగ్గరే ఉండాలి. రోజూ మధ్యాహ్నం తెరవాలి. తను చెప్పకుండా వచ్చి చూస్తుంది. మూసి ఉంటే అప్పుడు ఆలోచిస్తుంది. "ఎవరు తీసుకుంటారు?"

బాబాయి గుమ్మంలోంచి పిన్నినే చూస్తున్నాడు. ఆ చూపు రజనికి తెలుసు. కూరలో ఉప్పెక్కువైన రోజు పళ్ళెం జరిపి చూసే చూపు. పిన్ని దానికేసి చూడకుండా కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపింది. ఉల్లిపాయ వాసన ఇంకా పోని చెయ్యి.

ఇంటికి వచ్చాక బాబాయి చొక్కా కూడా విప్పలేదు. "ఆ గుంటకి నోరెక్కడిదే? నేర్పిందేటి, అడిగిందేటి! మా పరువు తీసేసింది. ఆదివారం బండెక్కించి ఊరు పంపించెయ్యి!"

"పంపించేస్తే నా కాళ్ళెవరు చూస్తారు?" అంది మామ్మ. ఆ ఇంట్లో రజని తరఫున పడిన మాట అదొక్కటే.

"రేపు పొద్దుటి డ్యూటీ నుంచి రాగానే గుండిగలు అట్టుకొస్తాం. గణపతిరావింట్లో చోటు లేదు. తాళం ఇటియ్యి."

"రేపు కదా" అంది పిన్ని, అన్నం వడ్డిస్తూ.

రజనికి అన్నం పెట్టింది, దుప్పటి ఇచ్చింది, అంతే. ఇస్తుంది, తాళం ఇచ్చేస్తుంది, ఇన్నేళ్ళు ఊరుకున్న మనిషి ఇవాళ మాత్రం ఎందుకు ఊరుకోదు అనుకుంది రజని. తన సంచి ఎక్కడుందో చూసుకుంది.

మర్నాడు భోజనాలయ్యాక పిన్ని చీర మార్చుకోకుండానే "నడు" అంది. గిన్నెలన్నీ తొట్టెలోనే ఉన్నాయి. పెళ్ళయ్యాక ఆవిడ గిన్నెలు వదిలేసి గడప దాటడం అదే మొదటిసారేమో, వెనక నుంచి మామ్మ కేకలు వీధి మలుపు దాకా వినిపించాయి.

గది తలుపు తీశాక పిన్ని కిటికీ రెక్కలు తోసింది. అద్దె కుర్చీలు పోయాయి. పుస్తకాలు మాత్రం ఒక మూల కుప్పగా ఉన్నాయి. రజని వాటి దగ్గరికి వెళ్ళబోతుంటే బయట ఠేలాబండి చక్రాల చప్పుడు వినిపించింది. ఇత్తడి ఇత్తడికి తగిలి ఖంగుమంటోంది. ఇద్దరూ గది గడప దాటి చూశారు. హాలు గుమ్మంలో బాబాయి, వెనక సొట్ట గుండిగను చెవులు పట్టుకుని ఎత్తుతూ గణపతిరావు.

"కనకా! తప్పుకో, లోపల పెట్టాలి."

తాళంచెవి పిన్ని చేతిలోనే ఉంది. అయిపోయింది అనుకుంది రజని. పిన్ని ఆయనకేసి ఒక అడుగు వేసింది, ఆగింది, వెనక్కి తిరిగింది. రజని భుజం పట్టుకుని గదిలోకి ఒక్క తోపు తోసింది. ఆ తోపుకు రజని పుస్తకాల కుప్ప దాకా వెళ్ళి పడింది. తిరిగి చూసేసరికి పిన్ని గడప అవతల ఉంది, తలుపు రెక్క మీద చెయ్యేసి.

"గడియ లోపలుంది. పెట్టుకుని చదువుకో" అంది పిన్ని. "నేను పిలిచినా తియ్యకు."

తలుపు వేసేసింది.